కుళాయి చప్పుడు

మా వంటగది బల్ల దగ్గర,
ఆదివారం మధ్యాహ్నం

చెల్లీ,

అత్తయ్యతో పాటే ఈ ఉత్తరం కూడా నీ దగ్గరికి వస్తోంది. ఆవిడ సంచిలో, తువ్వాళ్ళ కింద పెట్టాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోను పట్టుకుంటే ఆవిడ పక్కన చేరి "ఏమంటోంది, ఏమంటోంది" అని నా మోచెయ్యి లాగుతారు. పైగా చెప్పిన మాట గాలికి పోతుంది. రాసిన మాటైతే గోడకి అంటించుకోవచ్చు.

తోడికోడళ్ళం వంతులేసుకున్నాం కదా, రాబోయే ఆరు నెలలూ నీ వంతు. సంచి అడుగున గుడ్డ చుట్టిన గాజు సీసా ఉంటుంది, జాగ్రత్తగా తియ్యి. అది అత్తయ్య ఒక్కరికే, నెలకి సరిపడా నూనె. సీసా మీద తెల్ల ప్లాస్టరు అంటించి గీతలు గీశాను. వారానికొక గీత. వారం తిరిగేసరికి నూనె గీత దగ్గరుండాలి, కిందకి దిగకూడదు. పైనుంటే మరీ మంచిది. నెల తిరగ్గానే మళ్ళీ పై గీత దాకా నింపుకో. ఆవిడకి వేరే గిన్నె, వేరే గరిటె. మీకు వండిన కూరలోంచి రెండు ముక్కలు తీసి, కడిగి పెట్టడం కుదరదు. ముందే ఎందుకు చెబుతున్నానంటే, నువ్వు ఆ పని చేసే మనిషివే.

నవ్వకు. అత్తయ్యకి గాల్ బ్లాడర్ తీసేసిన రోజు సర్జను ఒక చిన్న డబ్బాలో రాళ్ళు వేసి నా చేతిలో పెట్టాడు. "చూశారా అమ్మా, ఇవీ లోపలున్నవి" అన్నాడు. అన్నేళ్ళూ ఆవిడకి ఎక్కువగా వండి పెట్టింది నేనే. చిన్నత్తయ్య పక్కనే నిలబడి, వార్డంతా వినేట్టు "ఏం పెట్టావే మా అక్కకి?" అంది. కోత తర్వాత ఆవిడ నా దగ్గరే ఉన్న ఈ ఏడాది పాటూ ఆ మాట చెవిలో పెట్టుకునే వంట చేశాను. ఏడాదిలో ఒక్కసారి కూడా ఆవిడ కడుపు పట్టుకోలేదు. గొప్పకి చెప్పడం లేదు. ఉన్న సంగతి.

ఇంకొకటి. బాత్రూంలో కుళాయి వదిలేసి కూర్చునే అలవాటు పట్టుకుంది ఆవిడకి. సన్నగా కూడా కాదు, ధారగా. ఊరందరి నీళ్ళ మీటర్లు చూసి వచ్చే మనిషి ఇంట్లోనే మీటరు గిరగిరా తిరిగితే మీ బావగారికి ఎంత నామోషీ! "అత్తయ్యా, కుళాయి కట్టెయ్యండి" అని తలుపు అవతల నుంచి అరిచి అరిచి నా గొంతు పోయింది. చివరికి కుళాయి కింద ఒక బకెట్ పెట్టి, "ఇది నిండితే కట్టెయ్యాలి" అని చెప్పాను. దాంతో దారికొచ్చారు. నువ్వూ ఒక బకెట్ పెట్టు.

నీ అక్క


మిషను గది,
దర్జీ బల్ల మీద, గుడ్డ ముక్కల మధ్య

అక్కా,

సీసా క్షేమం. అత్తయ్య కూడా క్షేమం. ఈ వరసలో ఎందుకు రాశానంటే, సంచి విప్పగానే ఆవిడే అన్నారు: "మీ కొలతలమ్మ నాకు తోడుగా సీసాని పంపిందా, సీసాకి తోడుగా నన్ను పంపిందా?"

సీసాని అలమరలో పై అరలో పెట్టాను. మీ మరిది లారీ దిగి ఇంటికొచ్చి దాన్ని చూసి, మందేమో అనుకుని దండం పెట్టాడు.

ఇక్కడ అత్తయ్యకి పొద్దు బాగానే పోతోంది. నేను మిషను తొక్కుతుంటే పక్కన కుర్చీ వేసుకుని గుండీలు కుడుతున్నారు. నా కన్నా గట్టిగా కుడుతున్నారు, ఆ మాట ఆవిడతో అనకు. మొన్న ఒకావిడకి నడుము కొలత తీస్తుంటే "రెండు అంగుళాలు వదులు పెట్టవే, మనిషి ఇంకా పెరిగేట్టుంది" అన్నారు. బేరం పోయిందనుకున్నాను. ఆ వచ్చినావిడ మాత్రం పడి పడి నవ్వి, మర్నాడు ఇంకో రెండు గుడ్డలు తెచ్చి ఇచ్చింది.

నువ్వు చెప్పినట్టే వేరే గిన్నె పెట్టాను. మొదటి గీత దగ్గరికి వచ్చాం, సరిగ్గా.

కుళాయి సంగతి నిజమే. మధ్యాహ్నం తిన్న కాసేపటికి లేచి వెళ్తారు, ధార మొదలవుతుంది. బకెట్ పెట్టాను. దాన్ని బోర్లించి దాని మీద కూర్చుంటున్నారు. ఇప్పుడేం చెయ్యమంటావు?

నీ చెల్లి


మా వంటగది,
బుధవారం

చెల్లీ,

నిన్న మరిది ఫోను చేసి మీ బావగారితో మాట్లాడాడు. మాటల్లో మాటగా రెండు సంగతులు అన్నాడు. ఒకటి, ఎదురింటివాళ్ళు పిలిస్తే అత్తయ్య వెళ్ళి వేపుడు తిని వచ్చారని. రెండు, ఆ మర్నాడు కడుపులో నొప్పి అని పడుకున్నారని. నీ ఉత్తరంలో ఈ రెండూ లేవు. గుండీల కబుర్లు మాత్రం ఉన్నాయి.

నా ఇంట్లో ఏడాది పాటు రాని నొప్పి నీ ఇంట్లో రెండో నెలకే ఎలా వచ్చిందో చెప్పు. నేనేం మంత్రం వెయ్యలేదు. కళ్ళు తెరుచుకుని వంట చేశాను, అంతే. నువ్వు మిషను ముందు కూర్చుంటే ఇల్లు కాలినా నీకు వాసన రాదు. నీ పని నీకు ముఖ్యమే, కాదనను. కానీ పెద్ద ప్రాణం అది. మళ్ళీ రాళ్ళు పుడితే ఇంకోసారి కోత తట్టుకుంటుందా?

చిన్నత్తయ్య వచ్చింది. "మళ్ళీ నొప్పట కదా?" అని అడిగింది. "సీసా గీతలు గీసి నేనే పంపాను, ఆ తర్వాత వంట నా చేతిలో లేదు" అన్నాను. ఉన్నదే చెప్పాను కదా. ఆవిడ తల ఊపి, "దానికి అంత నిదానం ఎక్కడిదిలే" అంది. నేను కాఫీ కలిపి ఇచ్చాను.

వచ్చే వారం గీత ఎక్కడుందో రాయి.

అక్క


మిషను గది

అక్కగారికి,

మీ ఉత్తరం అందింది. మీరు అన్నది నిజమే, వేపుడు సంగతి నేను చూసుకోవాల్సింది. ఇక మీదట ఎదురింటికి పంపను.

నూనె గీతకి పైనే ఉంది. అత్తయ్య బాగున్నారు. నొప్పి లేదు.

నమస్కారాలతో,
మీ చెల్లి


మా వంటగది

చెల్లీ,

నువ్వు నన్ను "మీరు" అనడం ఇదే మొదటిసారి. కోపం వచ్చిందని తెలిసింది. రానీ. కోపంలోనైనా పని జరిగింది కదా.

మరిది లారీలో సీసా తిరిగి పంపావు, చూశాను. ముప్పాతిక వంతు నూనె అలాగే ఉంది! నా చేతి మీద కూడా ఇంత మిగల్లేదు ఎప్పుడూ. చిన్నత్తయ్య ఉన్నప్పుడే బల్ల మీద పెట్టి చూపించాను. "చూశారా, ఒక్క ఉత్తరం రాశాను, ఎంత మార్పు వచ్చిందో" అన్నాను. ఆవిడ సీసాని వెలుతురుకి పట్టి, అటూ ఇటూ తిప్పి, "అయితే చెప్పేవాళ్ళుంటే వింటుందన్నమాట" అంది. నీకు మంచి పేరే వచ్చింది.

కొత్త సీసా పంపుతున్నా. ఈసారి గీతలు ఇంకొంచెం దగ్గర దగ్గరగా గీశాను.

ఉత్తరాలు మరీ పొట్టిగా రాస్తున్నావు. పని ఎక్కువా?

అక్క


మిషను గది

అక్కగారికి,

సీసా అందింది. గీతకి పైనే ఉంటోంది.

ఒక చిన్న సందేహం. మా మిషను గది కిటికీకి ఈమధ్య పసుపు రంగు కర్టెన్ కట్టాను. దాని వెలుతురులో ఎవరి కళ్ళైనా కాస్త పచ్చగా కనిపిస్తాయి కదా? మీ దగ్గరున్నప్పుడు అత్తయ్య కళ్ళు ఎలా ఉండేవి? వయసుకి అలా ఉంటాయేమో అని. ఊరికే అడుగుతున్నాను.

అత్తయ్య మిమ్మల్ని అడిగానని చెప్పమన్నారు.

మీ చెల్లి


మా వంటగది

చెల్లీ,

కుట్టుపని చేసేదానివి, ఆ గదికి పసుపు కర్టెన్ ఏమిటి? రంగుల తేడా ఎలా తెలుస్తుంది నీకు? తెల్లది కట్టు.

అత్తయ్య కళ్ళు మామూలుగానే ఉండేవి. నా దగ్గరున్నంత కాలం ఏ తేడా లేదు.

గీత సంగతి సంతోషం.

అక్క


ఆసుపత్రి, రెండో అంతస్తు వరండా,
గోడవారన బెంచీ మీద

అక్కా,

ఫోనులో బావగారికి చెప్పింది సగమే. రేపు నువ్వు బయల్దేరి వస్తున్నావట. రాకముందే ఇది చదువు. నీ ఎదురుగా నిలబడి చెప్పలేను. మీ మరిది చేత పంపిస్తున్నా.

ముందు ఇది: అత్తయ్య బతికారు. జ్వరం దిగింది. ఇందాక నర్సుతో "నీ చొక్కా భుజం దగ్గర కుట్టు పోయింది, మా కోడలికివ్వు" అన్నారు.

ఆవేళ ఒకామె కొలతలకి వచ్చింది. అత్తయ్య కుర్చీలో గుండీ కుడుతూ ఉన్నట్టుండి వణకడం మొదలెట్టారు. పళ్ళు టకటకమని కొట్టుకున్నాయి. సూది చేతిలోంచి జారింది. మీద మూడు దుప్పట్లు కప్పినా ఆ వణుకు ఆగలేదు. ఆ వచ్చినామె, నేనూ కలిసి ఎత్తుకుని బండిలో వేశాం.

డాక్టరు "ఎన్నాళ్ళుగా నొప్పి?" అని అడిగాడు. "నిన్నటి నుంచి" అన్నాను. నర్సు అత్తయ్య కింది రెప్ప లాగి చూసి, "ఈ పసుపు నిన్నటిది కాదమ్మా" అంది. అందరి ముందూ. నేను కిందకి చూస్తూ నిలబడ్డాను, చెప్పు కింద సిమెంటు గచ్చు తప్ప నాకు ఇంకేం కనపడలేదు.

నిన్నటిది కాదు అక్కా. వేపుడు సంగతి అడిగిన నీ ఉత్తరం వచ్చిన వారం నుంచీ నొప్పి ఉంది. తిన్నాక కుడి పక్కన డొక్క కింద మొదలై వీపులోకి పోయేదట. నేను చూస్తూనే ఉన్నాను. గ్యాస్ బిళ్ళలు ఇచ్చాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే చీటీ వస్తుంది, చీటీ మీ మరిది చూస్తాడు, ఆయన నోట్లో ఏదీ ఆగదు, మర్నాటికి నీకు తెలుస్తుంది, ఆ తర్వాత నీ ఉత్తరం వస్తుంది. నేను అత్తయ్య నొప్పికి భయపడలేదు. నీ ఉత్తరానికి భయపడ్డాను. ఇదే నిజం.

నూనె మానేస్తే తగ్గుతుందనుకున్నాను. అసలే వెయ్యలేదు. అందుకే నీ సీసా అలా నిండుగా వచ్చింది. ఆవిడకి అన్నం సయించేది కాదు. చిక్కిపోయారు. జాకెట్టు ఇటూ అటూ కుట్లు వేసి బిగించాను, ఎవరికీ తెలియకుండా. దర్జీదాన్ని కదా.

మా మిషను గదికి కర్టెనే లేదు అక్కా.

ఇక డాక్టరు చెప్పింది. నోట్లోంచి గొట్టం పంపి, చిన్నపేగు మొదటి మలుపు దాకా వెళ్ళి చూశారు. పిత్తం కాలేయం నుంచి సన్నటి గొట్టంలో వచ్చి అక్కడే పేగులో పడుతుందట. ఆవిడకి ఆ రంధ్రం పక్కనే పేగు గోడ బయటికి ఉబ్బి చిన్న సంచీలా ఉంది. నాకు అర్థం కాలేదని కాగితం మీద బొమ్మ గీశాడు. చూడగానే తెలిసిపోయింది: కాజా పక్కనే జేబు కుట్టారు. జేబులో ఏదైనా నిండితే బరువుకి కాజా ఒక పక్కకి లాగబడుతుంది, మూసుకుపోతుంది. పిత్తం సాఫీగా దిగదు. ఆ సంచీలో తిండి నలుసులు నిలవుంటాయి, క్రిములు పెరుగుతాయి, అవి గొట్టంలోకి పాకుతాయి, నిలవున్న పిత్తం గడ్డకట్టి రాయవుతుంది. "గాల్ బ్లాడర్ తీసేశారు కదండీ?" అన్నాను. "రాళ్ళున్న తిత్తి తీసేశారమ్మా, దారి అలాగే ఉంది కదా. ఈ రాయి దారిలోనే పుట్టింది" అన్నాడు. తీసిన రాయి చూపించాడు. నీకిచ్చిన వాటిలా గట్టిగా లేదు. గోధుమ రంగు, వేలితో నొక్కితే మట్టిలా చితికింది.

అలాంటి సంచీలు వయసు మీద పడ్డ చాలామందికి ఉంటాయట. ఎక్కువమందికి ఉన్నట్టే తెలియదట. కానీ ఉన్నవాళ్ళకి గొట్టంలో రాళ్ళు పుట్టడం, తీసినా మళ్ళీ పుట్టడం మిగతావాళ్ళ కంటే ఎక్కువట. గాల్ బ్లాడర్‌లో పుట్టిన మొదటి రాళ్ళకి కూడా అదే కారణమా అంటే, గట్టిగా చెప్పలేనన్నాడు.

అడగలేక అడిగాను: "డాక్టరు గారూ, నూనె ఎంత పోశానని అడగరా?" ఆయన నా ముఖం వింతగా చూశాడు. "నూనెదేముందమ్మా ఇందులో? మనిషి బరువు చూశారా? ఇంత కడుపు మాడ్చారేం?"

ఇంకొక్క సంగతి. రాత్రి జ్వరం దిగాక అత్తయ్య నాతో ఒక మాట చెప్పారు. నీకు చెప్పొద్దన్నారు. కాబట్టి చెప్పను. నీ బాత్రూంలో కుళాయి కిందున్న బకెట్ మాత్రం తీసెయ్యి.

నీ చెల్లి


మా వంటగది,
ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు

చెల్లీ,

ఆసుపత్రిలో రెండు రోజులు నీ పక్కనే కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయాను. నువ్వు గ్లాసులో నీళ్ళు తెచ్చిస్తే తాగాను. అంతే. అందుకే మళ్ళీ కాగితం.

నువ్వు మందులకి కిందకి వెళ్ళినప్పుడు అత్తయ్యని అడిగాను. "అత్తయ్యా, మా ఇంట్లో ఉన్నప్పుడు కూడా నొప్పి వచ్చేదా?" అని.

ఆవిడ కిటికీ వైపు తిరిగారు. "దాని నోరు కుట్టాల్సింది" అన్నారు నీ గురించి.

"అది ఏమీ చెప్పలేదు. బకెట్ తీసెయ్యమంది, అంతే."

దుప్పటి అంచు సర్దుకుంటూ నెమ్మదిగా అన్నారు. "వచ్చేదే. ఏం చెయ్యను? నువ్వేమో ఆదివారం ఆదివారం సీసా పట్టుకుని గీత చూసి, 'ఈ వారం కూడా అత్తయ్యకి ఏమీ రాలేదు' అని ఇంట్లో అందరికీ చెప్పేదానివి. నీ ముఖం వెలిగిపోయేది. ఆ ముఖం చూసి ఎలా మూలగను? కుళాయి తిప్పుకుని కూర్చునేదాన్ని. చప్పుడులో వినపడదు కదా."

"మరి బకెట్ పెట్టాక?"

"అది నిండేలోపు మూలిగెయ్యడం అయిపోజేసుకునేదాన్ని" అని నవ్వారు. "నువ్వు పెట్టిన బకెట్ మరీ చిన్నదే, కొలతలమ్మా."

నాతో జోకు వేశారు చెల్లీ. నన్ను ఓదార్చడానికి.

ఇంటికొచ్చి ముందు బాత్రూంలోకి వెళ్ళాను. బకెట్ అక్కడే ఉంది. కుళాయి తిప్పి, తలుపేసుకుని, నేనే గట్టిగా మూలిగి చూశాను. నా గొంతు నాకే వినపడలేదు. మీ బావగారు తలుపు కొట్టి "ఎవరక్కడ, నీళ్ళు పోతున్నాయి" అన్నారు. ఏడాది పాటు నేను అవతల నిలబడి అరిచిన మాట అదే. నొప్పితో ఒళ్ళు మెలితిరుగుతున్న మనిషిని నీళ్ళు వృథా చేస్తున్నావని కసిరాను.

"నా ఇంట్లో ఏడాది పాటు రాని నొప్పి" అని నీకు రాశాను కదా. ఆ వాక్యం ఎన్నిసార్లు గుర్తొస్తోందో. ఆ ఉత్తరం నీ దగ్గరుందా అని అడగబోయాను, చింపెయ్యమందామని. అదీ సిగ్గులేని పనే అని ఆగిపోయాను. నీ దగ్గరే ఉండనీ.

రాళ్ళ డబ్బా నా చేతిలో పెట్టినప్పుడు నాకు కలిగిన అవమానాన్ని మడిచి, గీతలు గీసి, నీకు పంపాను. నువ్వు దాన్ని అత్తయ్య కంచంలో పెట్టావు. నువ్వు పెట్టింది తప్పే, నేను కాదనను, నువ్వే ఒప్పుకున్నావు. కానీ పంపింది నేను.

సాయంత్రం చిన్నత్తయ్య వచ్చింది, ఇంకో ఇద్దరు బంధువులు కూడా ఉన్నారు. సీసా చూపించిన బల్ల దగ్గరే నిలబడి చెప్పాను. "ఈ రాయి వంట వల్ల వచ్చింది కాదు. పేగులో సంచీ ఉంది. నా తోడికోడలి గురించి నేనన్నది అన్యాయం. నా ఇంట్లో కూడా నొప్పి వచ్చేది, నాకు తెలియలేదు." ఏదో అవుతుందనుకున్నాను. చిన్నత్తయ్య "ఇప్పుడవన్నీ ఎందుకులే, కూర్చో, ముఖం పీక్కుపోయింది" అంది. ఇంకొకాయన బస్సు టైము అడిగాడు. అంతే. నీ మీద నింద వేసినప్పుడు అందరూ చెవులు రిక్కించారు. తీసేసుకుంటుంటే ఎవరికీ తీరిక లేదు. ఎదురు తిరిగి నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

నన్ను తిడుతూ ఒక ఉత్తరం రాయి. పొడుగ్గా రాయి.

నీ అక్క


మిషను గది

అక్కా,

తిట్టడానికి కూర్చున్నాను. రెండు కాగితాలు పాడు చేశాను. మొదటి వాక్యం దగ్గరే నర్సు ముఖం గుర్తొస్తోంది, "ఈ పసుపు నిన్నటిది కాదమ్మా" అంటూ. నిన్ను తిట్టాలంటే నేను అవతల గట్టున ఉండాలి కదా. లేను.

కోపం లేదని మాత్రం అనను. చిన్నత్తయ్య సీసాని వెలుతురుకి పట్టి చూసిందని రాశావే, అది మర్చిపోవడానికి నాకు ఇంకొంత కాలం పడుతుంది. ఉత్తరం చింపను. నువ్వు అడగనందుకే చింపను.

అత్తయ్య ఇక నీ దగ్గరికి వస్తానంటున్నారు. నా వంతు ఇంకా ఉందని చెప్పాను. "నీ వంతులో ఆసుపత్రి కూడా అయిపోయింది, ఇంకేం మిగిలింది?" అన్నారు. తర్వాత మీ మరిది లేనప్పుడు నాతో చెప్పారు: "అది కుమిలిపోతూ ఉంటుందే. నేను ఎదురుగా కనపడితే తగ్గుతుంది. లేకపోతే కుమలడానికి కూడా గీతలు గీసుకుంటుంది."

డాక్టరు చెప్పినవి రాస్తున్నా, ఇవి గోడకి అంటించుకో. ఆ సంచీని కోసి తియ్యరు, అక్కడ కోత ప్రమాదం. పిత్తం దిగే గొట్టం నోరు కాస్త వెడల్పు చేశారు. అయినా రాయి మళ్ళీ పుట్టొచ్చు. నొప్పి, చలి జ్వరం, కళ్ళ పసుపు, మూత్రం ముదురు రంగు: ఏది కనిపించినా అప్పుడే తీసుకురమ్మన్నాడు. "ఇంట్లో దాచుకోవడానికి ఇదేం నగ కాదు" అన్నాడు. తిండి మామూలుగానే పెట్టొచ్చు.

సీసా తిరిగి పంపడం లేదు. ప్లాస్టరు పీకేసి మిషను నూనె పోసుకున్నాను. జాకెట్టుకి వేసిన కుట్లు విప్పేశాను, మళ్ళీ ఒళ్ళు చేస్తారని.

నీ చెల్లి


మా ఇల్లు, ముందు గది,
గుమ్మంలో బండి కోసం చూస్తూ

చెల్లీ,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

అత్తయ్య వచ్చిన దగ్గర్నుంచి బాగానే ఉన్నారు. కూరలో నూనె కంటికి ఆనినంత పోస్తున్నాను. మొదట్లో చుక్క చుక్కగా పోశాను. "పొయ్యవే, అదేం నీ రక్తమా?" అన్నారు. రోజూ పొద్దున కిటికీ దగ్గర నిలబెట్టి కళ్ళు చూస్తున్నాను. ఆవిడేమో నా కళ్ళు చూసి "నీకే ఎర్రగా ఉన్నాయి, నిద్రపో" అంటున్నారు. నొప్పి వస్తే చెబుతానని నాకు మాటిచ్చారు. నేను నమ్మలేదు. ఇన్నేళ్ళ అలవాటు ఒక్క మాటతో పోదు.

ఇవాళ భోజనాలయ్యాక గిన్నెలు సర్దుతుంటే కుళాయి చప్పుడు వినపడింది.

గిన్నె అక్కడే వదిలేశాను. వెళ్ళి బాత్రూం తలుపు ముందు నిలబడ్డాను. చెవి ఆనించి విన్నాను. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. నోటికొచ్చింది ఆ పాత మాటే.

"అత్తయ్యా, కుళాయి కట్టెయ్యండి."

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. నా మాట ఆవిడకి ఎలా వినపడి ఉంటుందో అప్పుడు తట్టింది.

"నీళ్ళ కోసం కాదు అత్తయ్యా. మీరు నాకు వినపడటం లేదు."

కాసేపటికి కుళాయి ఆగింది. చివరి చుక్కలు పడటం కూడా వినపడింది. ఆ తర్వాత ఆవిడ మూలిగారు. గట్టిగా, ముందు గదిలో ఉన్న మీ బావగారు కలం చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చేంత గట్టిగా. తలుపు గడియ తీసి, నా భుజం మీద వాలి, "వచ్చిందే తల్లీ, కుడి పక్కన" అన్నారు. ఆవిడ నాకు నొప్పి చెప్పడం ఇదే మొదటిసారి.

దుప్పటి కప్పాను. జ్వరం లేదు. కళ్ళు తెల్లగానే ఉన్నాయి. మీ బావగారు బండి కోసం వెళ్ళారు. ఆవిడ నా పక్కనే కూర్చుని, నేను రాస్తుంటే "ఏం రాస్తున్నావు, దానికి ఏం రాస్తున్నావు" అని మోచెయ్యి లాగుతున్నారు. మధ్యలో మూలుగుతున్నారు. మూలగనిస్తున్నాను.

బండి వచ్చింది. దారిలో పోస్టు డబ్బాలో వేస్తాను. ఆసుపత్రిలో ముందుగా ఎన్నాళ్ళ నుంచి అని అడుగుతారు కదా. చెప్పగలను చెల్లీ. ఇందాకటి నుంచే అని చెబుతాను.

నీ అక్క